బుడమేరు నీళ్ళలో మునిగిన క్వాలిస్: ఒక క్రౌన్ ఆయిల్ కేసు

బండి 2003 మోడల్ టయోటా క్వాలిస్, డీజిల్, మీటరు మీద రెండు లక్షల అరవై వేలు దాటింది. ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు, ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. వెనక యాక్సిల్ మధ్యలో హౌసింగ్ అనే ఇనప గుల్ల ఉంటుంది, ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకి మళ్ళించే రెండు గేర్లు, చిన్నది పినియన్, పెద్దది క్రౌన్, దాంట్లోనే ఆయిల్‌లో తిరుగుతాయి, ఆ ఆయిలే క్రౌన్ ఆయిల్. పినియన్ బయటికి వచ్చేచోట ఆయిల్‌ని ఆపే పినియన్ సీలు దగ్గర కారుతోందని ఒకచోట సీలు మార్పించారు, నెల తిరక్కుండా మళ్ళీ కారింది, అక్కడే ఇంకోసారి మార్చారు, అదీ నిలవలేదు. మూడోసారి వెళ్తే "సీలు కాదు మాస్టారూ, క్రౌన్ పినియనే పోయింది, సెట్టు మార్చాలి, లేదా సెకండ్‌హ్యాండ్ హౌసింగ్ చూసుకోవాలి" అన్నారట. బండి వేగం అరవై దాటితే వెనకనుంచి సన్నగా మూలుగు కూడా వస్తోంది కాబట్టి ఆయనకీ అది నిజమేననిపించింది. అయినా లెక్కల మాస్టారు కదా, ఎస్టిమేట్ కాగితం చూసి ఇంకొకరి మాట కూడా విందామని నా షెడ్డుకి తెచ్చారు.

నేను అడిగిన మొదటి ప్రశ్న, "వరదప్పుడు బండి ఎక్కడుంది మాస్టారూ?"

"ఇంటి ముందే ఉంది బాబూ. సీట్ల దాకా నీళ్ళొచ్చాయి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, డీజిల్ ట్యాంకు, సెల్ఫ్ మోటారు, అన్నీ చేయించాం."

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు వీధుల్లో బళ్ళు రోజుల తరబడి నీళ్ళలోనే ఉండిపోయాయి. ఆ తర్వాత కొన్ని నెలలు ఆటోనగర్‌లో ఏ షెడ్డు చూసినా వరద బళ్ళే. అందరూ ఇంజిన్ చూశారు, వైరింగ్ చూశారు, సీట్లు ఎండబెట్టారు. పాత బళ్ళలో ఎక్కువ భాగం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీదే తిరుగుతాయి, దాంట్లో వరద నష్టానికి పైసా రాదు, జేబులోంచే పెట్టాలి కాబట్టి బండి స్టార్ట్ అయితే చాలనుకుని తీసుకెళ్ళిపోయారు. క్రౌన్ ఆయిల్ గురించి అడిగినవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ. మాస్టారి లిస్టులోనూ అది లేదు. వరద వెళ్ళింది సెప్టెంబరులో, బండి నా దగ్గరికి వచ్చింది తర్వాతి ఎండాకాలంలో. మధ్యలో అది ఎక్కువ తిరగనూ లేదు, వారానికోసారి గుడికి, ఎప్పుడైనా గుడివాడ దాకా, అంతే.

ఎక్కువ తిరగని బండిలోనే ఈ విషయంలో ప్రమాదం ఎక్కువ. రోజూ తిరిగే బండిలో నీళ్ళు ఆయిల్‌తో కలిసిపోయి తిరుగుతూ ఉంటాయి, అదీ మంచిది కాదు గానీ కనీసం పళ్ళమీదా బేరింగుల మీదా ఏదో ఒక పొర ఉంటుంది. నిలబడిపోయిన బండిలో నీళ్ళు అడుక్కి దిగుతాయి, బరువు ఎక్కువ కాబట్టి. క్రౌన్ వీల్ కింది పళ్ళు, బేరింగుల కింది రోలర్లు ఆ నీళ్ళలోనే వారాల తరబడి నానుతూ ఉంటాయి. తుప్పు పట్టేది అక్కడే, ఆ తర్వాత శబ్దం మొదలయ్యేదీ అక్కడే.

అసలు మూసి ఉన్న హౌసింగులోకి నీళ్ళు ఎలా వెళ్తాయని మాస్టారు అడిగారు, సరైన ప్రశ్నే. హౌసింగు పూర్తిగా మూసి ఉండదు. దానికి రెండు పక్కలా చక్రాల దాకా పోయే యాక్సిల్ ట్యూబుల్లో ఒకదాని మీద వేలి కొసంత బ్రీదర్ ఒకటి ఉంటుంది, పైన వదులుగా తిరిగే మూతతో. బండి నడిస్తే లోపల ఆయిల్ వేడెక్కుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ఆ గాలి బయటికి పోవడానికే ఆ దారి. ఆగినప్పుడు చల్లబడి గాలి లోపలికి వస్తుంది. బండి మునిగితే ఆ దారిలోనే నీళ్ళు దిగుతాయి. వేడిగా ఉన్న యాక్సిల్‌తో లోతు నీళ్ళలోకి దింపితే ఇంకా ఘోరం, లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని నీళ్ళని పీల్చేస్తుంది.

సీలు కథ కూడా ఆ బ్రీదర్ దగ్గరే ఉంది. వరద నీటితో పాటు వచ్చిన ఒండ్రు దాని మూత కింద చేరి, ఎండి, గట్టిపడి దారి మూసేసింది. ఇప్పుడు లెక్క వేద్దాం, మాస్టారికి కూడా ఇలాగే చెప్పాను. 30 డిగ్రీల దగ్గర లోపల మూతపడ్డ గాలి, హైవే మీద ఓ గంట నడిచాక 85 డిగ్రీలకి చేరితే, ప్రెషరు ఆరో వంతుకి పైగా పెరుగుతుంది, అంటే రెండున్నర పీఎస్ఐ దాకా. టైరుకి అది ఏ మూలకీ చాలదు గానీ, పినియన్ సీలుకీ యాక్సిల్ సీలుకీ చాలా ఎక్కువ. ఆ సీళ్ళు చిమ్మే ఆయిల్‌ని ఆపడానికి చేసినవి, వెనకనుంచి నెట్టే గాలిని పట్టి ఉంచడానికి కాదు. ఎంత కొత్త సీలు వేసినా, ఎంత మంచి కంపెనీది వేసినా, సీలు పెదవి, అంటే షాఫ్ట్‌ని ఆనుకునే లోపలి అంచు దగ్గర ఆ గాలి కొంచెం కొంచెంగా ఆయిల్‌ని బయటికి తోసేస్తుంది. రాత్రి చల్లబడ్డాక అదే పెదవి దగ్గరనుంచి తేమ గాలి లోపలికి. రెండుసార్లు సీలు మార్చినవాళ్ళు పని చెడగొట్టారని నేననను, ట్యూబు పైన చెయ్యి పెట్టి ఆ మూత తిరుగుతోందో లేదో చూసి ఉంటే సరిపోయేది.

ఇక పని సంగతి. ఆయిల్ మార్చే ముందు బండిని పది పదిహేను కిలోమీటర్లు తిప్పి వేడి చేయమంటారు, మామూలు బండికి అది కరెక్టే, పల్చబడి మొత్తం దిగుతుంది, అడుగున ఉన్న మడ్డి కూడా కలిసి వస్తుంది. కానీ నీళ్ళున్నాయని అనుమానం ఉన్నప్పుడు నేను ఆ పని తర్వాత చేస్తాను. బండిని రాత్రంతా షెడ్డులో కదపకుండా వదిలేసి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కింది ప్లగ్గు వదులు చేసి నాలుగైదు చెంచాలు గాజు గ్లాసులోకి పట్టుకుంటాను. నీళ్ళుంటే అవే ముందు వస్తాయి.

అయితే కింది ప్లగ్గు ముట్టుకునే ముందు పైది, అంటే ఆయిల్ పోసే ప్లగ్గు విప్పి చూసుకోవాలి. పాత బండిలో ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకూడదు. కింద ఖాళీ చేసేశాక పై ప్లగ్గు రాకపోతే బండి కదలదు, టోయింగే దిక్కు. ఈ బండికి పై ప్లగ్గు ఏళ్ళ తరబడి ఎవరూ విప్పినట్టు లేదు, తల చుట్టూ తుప్పు పెచ్చులు కట్టింది. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, కాసేపు వదిలేసి, ప్లగ్గు తల మీద సుత్తితో నిటారుగా రెండు దెబ్బలు వేశాం. తర్వాత 24 సైజు ఆరు మూలల బాక్సు, పొడవు రాడ్డు. స్క్రూ పానా పెట్టొద్దు, పన్నెండు మూలల రింగు కూడా వద్దు, తల మూలలు అరిగాయంటే తర్వాత వెల్డింగ్ చేసి నట్టు అతికించుకోవాలి, హౌసింగులో ఆయిల్ ఉండగా వెల్డింగ్ అంటే నాకు టెన్షన్.

లేపడం గురించి ఒక మాట. నాకు ర్యాంపు ఉంది. ఇంట్లో చేసుకునేవాళ్ళు జాకీ ఒక్కదాని మీద బండిని నిలబెట్టి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టండి. వెనక చక్రాలు లేపేస్తే ఈ బండికి హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే, అది పట్టేది వెనక చక్రాలనే కదా, అందుకని ముందు చక్రాలకి రెండు వైపులా చెక్కలు పెట్టాలి. లెవెల్ చూసేటప్పుడు మాత్రం బండి సమంగా ఉండాలి, ముందూ వెనకా ఒకే ఎత్తులో.

ప్లగ్గు వదులు చేయగానే ముందు వచ్చింది నీళ్ళే, మట్టిరంగులో. ఆ తర్వాత పాలెక్కువైన టీ రంగులో చిక్కగా ఆయిల్. మామూలుగా పాత క్రౌన్ ఆయిల్ నల్లగా ఉండి, గంధకం కంపు గట్టిగా కొడుతుంది, ఆ కంపు దాంట్లో కలిపే మందుదే, భయపడక్కర్లేదు. దీనికి ఆ వాసన బాగా తగ్గిపోయింది. మాస్టారికి చూపించడానికి పాత ఇనప రేకు ఒకటి వేడి చేసి దాని మీద రెండు చుక్కలు వేశాను, తాలింపులో ఆవాలు వేసినట్టు టపటపలాడింది. నీళ్ళు లేని ఆయిల్ పొగ వస్తుంది గానీ అలా చిటపటలాడదు. ల్యాబు లేని షెడ్డులో ఇంతకన్నా నమ్మకమైన టెస్టు నాకు తెలీదు, కాకపోతే రేకు మీదకి వంగి చూడొద్దు, కళ్ళలో పడుతుంది.

ట్రేలో పాత స్పీకర్లోంచి తీసిన మాగ్నెట్ ముక్క ఒకటి ఎప్పుడూ వేసి ఉంచుతాను. దానికి అంటుకున్నదాన్ని వేళ్ళ మధ్య రుద్ది చూడాలి. మెత్తటి బూడిదరంగు మడ్డి అయితే వయసుకి తగ్గ అరుగుదల. గోటికి తగిలే రవ్వలు, పొలుసులు, పంటి ముక్కలు ఉంటే అప్పుడు నేను కూడా ఆ మొదటి ఎస్టిమేట్ వైపే మొగ్గుతాను. ఇక్కడ మెత్తటి మడ్డే ఎక్కువగా ఉంది, అందులో ఎర్రటి తుప్పు పొడి కలిసి ఉంది, ముక్కలు మాత్రం ఒక్కటి కూడా లేవు. మాస్టారి మొహంలో కాస్త వెలుగు వచ్చింది ఇక్కడే.

క్వాలిస్‌లో ఒక ఇబ్బంది ఉంది. పాత మహీంద్రా జీపుల్లో లాగా వెనక కవరు విప్పి క్రౌన్‌ని కళ్ళారా చూసే వీలు లేదు, రెండు యాక్సిళ్ళూ లాగి, ముందు వైపునుంచి క్రౌన్, పినియన్ బిగించి ఉండే క్యారియర్ మొత్తం దించాలి. అందుకని పై ప్లగ్గు రంధ్రంలోంచి ఫోనుకి తగిలించే సన్న కెమెరా పెట్టి, ఒక చక్రం మెల్లగా తిప్పుతూ పళ్ళన్నీ చూశాం. ఆ కెమెరా ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోంది, పాత బండి ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. పక్కపక్కన కొన్ని పళ్ళ మీద తుప్పు మరక ఉంది, వరుసగా, నీళ్ళు నిలిచిన గీత దాకా. గుంటలు పడలేదు. నడిచే ముఖం మీద మెరుపు తగ్గి అరుగుదల కనిపిస్తోంది, రెండున్నర లక్షల కిలోమీటర్ల బండికి అది ఉండాల్సిందే.

గేర్‌బాక్సునుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, అది బిగించి ఉండే పినియన్ ఫ్లాంజిని చేత్తో తిప్పి చూశాను. ఈ పని ఎందుకు చేశానంటే, సీలు మార్చేటప్పుడు పినియన్ నట్టుని ఎయిర్ గన్నుతో ఎడాపెడా బిగించేవాళ్ళు ఉన్నారు. చాలా బళ్ళలో ఆ నట్టు కింద నలిగే స్లీవు ఒకటి ఉంటుంది, బేరింగుల బిగువు దానితోనే సెట్ అవుతుంది. ఎక్కువ బిగిస్తే స్లీవు ఇంకా నలిగి బేరింగులు బిగుసుకుపోతాయి, వేడెక్కి పోతాయి. నట్టుకీ ఫ్లాంజికీ పంచ్‌తో గుర్తు పెట్టుకుని మళ్ళీ అదే గుర్తుకి తేవడం అసలు పద్ధతి. అదృష్టం, ఇక్కడ అలాంటిదేం జరగలేదు. ఫ్లాంజి నున్నగా తిరిగింది, ముందుకీ వెనక్కీ ఆట లేదు, గరగర లేదు.

తర్వాత బ్రీదర్. విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, గాలి కొట్టి, మూత స్వేచ్ఛగా తిరిగేదాకా శుభ్రం చేశాం. ట్యూబు మీద ఉండగానే గాలి కొడితే మట్టి లోపలికే పోతుంది, విప్పే కొట్టాలి. ఎడమ చక్రం డ్రమ్ము విప్పితే అక్కడా ఆయిల్ తడి, యాక్సిల్ సీలు కూడా ఒత్తిడికి లొంగింది. సీలు మార్చాం, ఆయిల్ తాగిన బ్రేకు లైనర్లు కూడా. పెట్రోల్‌తో కడిగి ఎండబెట్టి మళ్ళీ వేసేద్దామని కుర్రాళ్ళు అంటూ ఉంటారు, నేను ఒప్పుకోను. వేడెక్కితే లోపలికి ఇంకిన ఆయిల్ మళ్ళీ పైకి తేలుతుంది, బ్రేకు ఒక పక్కకి లాగుతుంది. ఒక పక్క కొత్తవి వేస్తే రెండో పక్కా వేయాల్సిందే, జతగానే.

మొత్తం దింపేటప్పుడు బండిని ఎడమ పక్క జాకీతో కొంచెం ఎత్తి, తర్వాత కుడి పక్క ఎత్తి, ట్యూబుల్లో నిలిచినదాన్ని మధ్యకి రప్పించాం. ఇలా చేయకపోతే నీళ్ళు కొన్ని అక్కడే ఉండిపోయి కొత్త ఆయిల్‌ని పాడుచేస్తాయి. డీజిల్ పోసి కడిగేసే అలవాటు ఆటోనగర్‌లో బాగా ఉంది. నేను పోయను. డీజిల్ బేరింగుల్లో, ట్యూబుల్లో దాక్కుంటుంది, పొరని కడిగేస్తుంది, కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. దానికి బదులు అదే గ్రేడు మామూలు మినరల్ ఆయిల్ పోసి, ఒక నాలుగు వందల కిలోమీటర్లు తిప్పి తీసేయడం మంచిది. ఖర్చు రెండు లీటర్ల లోపు ఆయిలే.

ఏ ఆయిల్ అనే దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే షాపులో "90 ఆయిల్ ఇవ్వండి" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. 90 అనేది చిక్కదనం మాత్రమే. డబ్బా మీద చూడాల్సింది జీఎల్-5 అనే అక్షరాలు. ఈ క్రౌన్‌లో పినియన్ నడి మధ్యకి కాకుండా కిందికి జరిగి ఉంటుంది, దాన్ని హైపాయిడ్ అంటారు, అందువల్ల పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక గట్టిగా రాసుకుంటూ జారుతాయి. ఆ రాపిడికి మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ ఉంటుంది, అది వేడికి ఇనుముతో కలిసి పళ్ళ మీద రక్షణ పొర కడుతుంది. జీఎల్-4లో ఆ మోతాదు తక్కువ, అది గేర్‌బాక్సులకి. అలాగని మిగిలిన జీఎల్-5ని గేర్‌బాక్సులో పోసేయొద్దు, దాని డబ్బా మీద రెండిటికీ పనికొస్తుందని రాసి ఉంటే తప్ప, లోపలి ఇత్తడి రింగులకి కొన్ని రకాలు పడవు.

మాస్టారు అడిగారు, "ఎండలు ఇలా ఉన్నాయి, 140 పోస్తే శబ్దం తగ్గుతుందటగా?" తగ్గుతుంది, కొంత. చిక్కటి ఆయిల్ శబ్దాన్ని మింగుతుంది, అరిగిపోయిన క్రౌన్ ఉన్న బండిని అమ్మేసేవాళ్ళు చేసే పని కూడా అదే. కంపెనీ 90 అంది, మనం 80డబ్ల్యూ-90 పోశాం. శబ్దం పెరిగితే నాకు వినపడాలి కదా. ఒక చక్రం ఊరికే జారి తిరగకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బళ్ళకి వేరే రకం మందు కలిపిన ఆయిల్ కావాలి, క్వాలిస్‌కి ఆ గొడవ లేదు. మీ బండికి ఉందో లేదో తెలియకపోతే వెనక రెండు చక్రాలూ లేపి న్యూట్రల్‌లో ఒకటి తిప్పండి, రెండోది ఎదురు దిశలో సులువుగా తిరిగితే మామూలుదే.

పోయడానికి చేతి పంపు వాడాం. రంధ్రం పక్కకి ఉంటుంది కాబట్టి డబ్బా వంచితే లోపలికి పోదు. పంపు లేకపోతే డబ్బా మూతకి ట్యూబు తగిలించి, డబ్బాని పైన వేలాడదీసి కూడా చేయొచ్చు, టైం పడుతుంది అంతే. రంధ్రం అంచునుంచి సన్నగా బయటికి కారడం మొదలైతే నిండినట్టు, ఆ కారడం ఆగేదాకా ఉండి ప్లగ్గు పెట్టాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకుని వెనక ఎత్తి మరీ నింపేవాళ్ళని చూశాను, ఆ ఎక్కువైంది నురుగెక్కి, బ్రీదర్‌లోంచో సీలులోంచో బయటికే వస్తుంది. రెండు ప్లగ్గులకీ కొత్త వాషర్లు వేశాం. ప్లగ్గులు గట్టిగా బిగించాలి గానీ పానాకి పైపు తొడిగి కాదు.

నాలుగు వందల కిలోమీటర్ల తర్వాత మాస్టారు బండి తెచ్చారు, విజయవాడనుంచి ఏలూరు పోయి వస్తూ పూర్తి చేశారట. మళ్ళీ అదే వరస, రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే గ్లాసులో పట్టాం. ఈసారి నీళ్ళు విడిగా రాలేదు, ఆయిల్ మాత్రం కొంచెం మసకగా ఉంది, రేకు మీద ఒకటి రెండు చిటపటలు. దాన్ని తీసేసి రెండో విడత పోశాం, పినియన్ సీలు కూడా ఇప్పుడు కొత్తది వేశాం. మొదటే ఎందుకు వేయలేదంటే, బ్రీదర్ బాగుచేశాక పాత సీలు కారుతుందో లేదో నాకు తెలియాలి. అది దాదాపు ఆగిపోయింది. ఇక పెదవి ఎలాగూ ఒత్తిడికి వంగిపోయి ఉంటుంది కాబట్టి మార్చేశాం, నట్టు గుర్తుకి గుర్తు కలిపి. బ్రీదర్ చోట చిన్న రబ్బరు ట్యూబు తొడిగి పైకి, ఛాసిస్ మీద వరకు తీసుకెళ్ళి వదిలాం. మళ్ళీ బండి సీట్ల దాకా మునిగితే ఇదీ ఆపలేదు, యాక్సిల్ ఎత్తు నీళ్ళకైతే చాలు.

వానాకాలం అయ్యాక మూడోసారి చూసినప్పుడు ఆయిల్ తేటగా ఉంది, రేకు మీద శబ్దం లేదు, పినియన్ దగ్గర పొడి. రెండుసార్లు ఆయిలూ, వాషర్లూ, సీళ్ళూ, లైనర్లూ, లేబరూ అన్నీ కలిపినా మొదటి ఎస్టిమేట్‌లో చిన్న భాగమే అయింది.

మూలుగు మాత్రం పూర్తిగా పోలేదు. తగ్గింది, అరవై ఐదూ డెబ్బై మధ్య యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు ఇంకా వినపడుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. బండిని అటూ ఇటూ తిప్పినా మారడం లేదు కాబట్టి హబ్ బేరింగ్ కాదు, ఇంజిన్ ఆర్‌పీఎంతో కాక బండి వేగంతో మారుతోంది కాబట్టి వెనకదే. అది పళ్ళ అరుగుదల, ఏ ఆయిల్ పోసినా పళ్ళు తిరిగి రావు. మాస్టారికి ఈ మాట ముందే చెప్పాను, తర్వాత అనిపించుకోవడం ఇష్టం లేక. ఆయన తిరిగే కిలోమీటర్లకి ఇప్పుడే క్యారియర్ దించక్కర్లేదని నా ఉద్దేశం. కాలు తీసినప్పుడు కూడా శబ్దం రావడం మొదలైనా, గరగరగా మారినా, హౌసింగు ముందు భాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా అప్పుడు దించుదాం అన్నాను. పోతూ పోతూ ఆయన గేర్‌బాక్సు సంగతి అడిగారు, అదీ అదే నీళ్ళలో మునిగింది కదా అని. ఆయన దగ్గరున్న పాత బిల్లు చూస్తే అది వరదప్పుడే చేసేశారు, అయినా ప్లగ్గు విప్పి చూశాం, బాగానే ఉంది. ముందు హబ్బుల్లో గ్రీజు మాత్రం ఇంకా పాతదే, అది వచ్చే నెలకి పెట్టుకున్నాం.